పని ఒకచోట, చదువు మరోచోట: నల్లమల యువత కోసం మూడు శాఖలకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల అటవీ, గిరిజన సంక్షేమ, నైపుణ్యాభివృద్ధి శాఖల ఉన్నతాధికారులకు,

నమస్కారాలు.

నేను విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి. ఉద్యోగ విరమణ తరువాత నల్లమల అంచు గ్రామాల్లోనూ, కొన్ని చెంచు పెంటల్లోనూ (అడవిలో చెంచులు నివసించే చిన్న గూడేలు) బడి మానేసిన యువతీ యువకులకు సార్వత్రిక పాఠశాల పదో తరగతి పాఠాలు చెబుతున్నాను. మా విద్యార్థులు, వారి తల్లిదండ్రులు, నేను కలిసి గత రెండేళ్లలో మూడు కార్యాలయాలకు వినతిపత్రాలు ఇచ్చాము. మొదటి కార్యాలయంలో శిక్షణ తమ పరిధిలోనిది కాదన్నారు. రెండో కార్యాలయంలో అడవి పని తమ పరిధిలోనిది కాదన్నారు. మూడో చోట రసీదు ఇచ్చారు. అది నా దగ్గర భద్రంగా ఉంది. ఆ కార్యాలయాల పేర్లు ఇక్కడ చెప్పడం లేదు, ఎందుకంటే వారిలో ఎవరూ నియమం తప్పి మాట్లాడలేదు. వారు చెప్పినదంతా నియమం ప్రకారం సరైనదే కావడమే మా ఇబ్బంది. అందుకే మూడు శాఖలకూ కలిపి, పదిమందీ చదివేటట్టు ఈ లేఖ రాస్తున్నాను.

మేము కోరింది కొత్త ఉద్యోగాలు కాదు. అడవి పనుల్లో ఇప్పటికే రోజు కూలీలుగా ఉన్న 18 నుంచి 25 ఏళ్ల యువతను ఏడాది కాలానికి నెలవారీ భృతితో ఒక సేవాదళంగా తీసుకోవాలని, పగలు సంరక్షణ పని, సాయంత్రం ఆగిపోయిన చదువు, వారానికి ఒక పూర్తి రోజు వృత్తి శిక్షణ ఉండాలని, ఏడాది చివర చదువుకూ పనికీ చెల్లే ధ్రువపత్రం చేతికి రావాలని మాత్రమే అడిగాము.

ఇప్పుడున్న పరిస్థితి మీకు తెలియనిది కాదు, అయినా క్రమంగా చెబుతాను. నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం మూడు వేల చదరపు కిలోమీటర్లకు మించిన విస్తీర్ణంతో దేశంలోకెల్లా పెద్దది. కృష్ణకు అవతలి ఒడ్డున అమ్రాబాద్ అభయారణ్యం మరో 2,611 చదరపు కిలోమీటర్లు. ఇంత అడవిని కనిపెట్టుకుని ఉండే బేస్ క్యాంపుల్లో కాపలా కాసేవారిలో చాలామంది చెంచు యువకులే. చలికాలం చివర ఫైర్ లైన్లు (మంట దాటకుండా గడ్డీ ఆకులూ తొలగించిన బాటలు) కొట్టేది, ఎండలు ముదిరాక ఉపగ్రహం పంపిన మంట సమాచారం ఫోనుకు రాగానే ఆకులను ఊదే బ్లోయరు భుజాన వేసుకుని పరుగెత్తేది, వాగుల్లో రాతికట్టలు పేర్చేది, నాలుగేళ్లకోసారి పులుల గణన వచ్చినప్పుడు కెమెరాలు ఏ చెట్టుకు కట్టాలో చూపేది ఈ చుట్టుపక్కల యువతే. నర్సరీల్లో పాలిథిన్ సంచులకు మట్టి నింపి, విత్తనం వేసి, మొలక వచ్చేదాకా నీళ్లు పోసే పని దాదాపు అంతా ఆడపిల్లలదీ, వారి తల్లులదీ.

మా తరగతికి వచ్చే ఒక కుర్రవాడు ఎండిన వాగు ఇసుకలో పులి అడుగు చూసి అది మగదో ఆడదో, రాత్రి నడిచిందో తెల్లవారాక నడిచిందో చెప్పగలడు. మూడు వేసవులు అగ్గి కాపలా చేశాడు. ఒక దరఖాస్తుకు జతచేయడానికి అనుభవ పత్రం అడిగితే, మస్టరులో (కూలీల హాజరు పట్టీలో) పేరు ఉంటుంది గాని అటువంటి పత్రం ఇచ్చే పద్ధతి లేదని సమాధానం వచ్చింది. అదే ఏడాది మా పక్క ఊరి అమ్మాయి, వృక్షశాస్త్రంలో డిగ్రీ చేసినామె, పట్టణంలో పర్యావరణ కోర్సు ఒకటి పూర్తి చేసి ధ్రువపత్రంతో తిరిగి వచ్చింది. ఆమెను పనికి పిలిచినవారు లేరు. ఇతనికి పని ఉంది, పత్రం లేదు. ఆమెకు పత్రం ఉంది, పని లేదు. ఇద్దరి ఇళ్ల మధ్య దూరం నాలుగు కిలోమీటర్లు.

ప్రభుత్వాలు ఈ దిశలో ఏమీ చేయలేదని నేను అనను. 1969లో గాంధీ శతజయంతి సందర్భంగా మొదలైన జాతీయ సేవా పథకం నేటికీ నడుస్తోంది. అయితే అది కళాశాలలో చేరినవారికి, రెండేళ్లలో 240 గంటల సేవకు పరిమితం. బడి మానేసినవారికి అందులో చోటు లేదు. 1982లో ఏర్పడిన ప్రాదేశిక సైన్యపు పర్యావరణ దళం ముస్సోరీ కొండల్లో సున్నపురాయి గనులు బోడిచేసిన నేలను మళ్లీ పచ్చగా మార్చింది. అది మాజీ సైనికులది. కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ 2017లో పది జిల్లాల్లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టి, 2018లో దేశమంతటికీ విస్తరించిన హరిత నైపుణ్యాభివృద్ధి కార్యక్రమం మేము అడుగుతున్నదానికి దగ్గరగా వచ్చింది. 2021 నాటికి ఐదు లక్షలకు పైగా యువతకు శిక్షణ ఇస్తామని అప్పట్లో ప్రకటించారు. జీవవైవిధ్య నమోదు, వెదురు పెంపకం వంటి మంచి విషయాలు ఆ కోర్సుల్లో ఉన్నాయి. లోటు ఒక్కటే: కోర్సు ముగిసిన మర్నాడు శిక్షణ పొందినవాడు ఎక్కడికి వెళ్లాలన్నది ఆ పథకంలో భాగం కాలేదు. ఈత నేర్పి చెరువు ఎక్కడుందో చెప్పకపోవడం లాంటిది అది.

పనినీ చదువునూ ఒకే కప్పు కింద పెట్టడం సాధ్యమేనా అని ఒక అధికారి నన్ను సూటిగా అడిగారు. దానికి సమాధానంగా తొంభై ఏళ్ల నాటి అనుభవం ఒకటి చెప్పవలసి ఉంది. మహామాంద్యం రోజుల్లో అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 1933 మార్చి 31న సంతకం చేసిన చట్టంతో సివిలియన్ కన్జర్వేషన్ కోర్ పుట్టింది. పదిహేడు రోజులకే, ఏప్రిల్ 17న, వర్జీనియా అడవిలో మొదటి శిబిరం తెరిచారు. 1942లో మూసేసేలోపు దాదాపు 30 లక్షల మంది యువకులు అందులో పనిచేసి, సుమారు 300 కోట్ల మొక్కలు నాటారు. మంటలు ఆర్పారు, ఉద్యానవనాలకు దారులు వేశారు, కోతకు గురైన నేలకు గట్లు కట్టారు. నెలకు 30 డాలర్ల వేతనంలో 25 డాలర్లు నేరుగా ఇంటికి వెళ్లేవి. రాత్రిపూట శిబిరాల్లోనే తరగతులు జరిగేవి. అక్షరం రానివారు 40 వేల మందికి పైగా అక్కడే చదవడం, రాయడం నేర్చుకున్నారు.

నేను ఆ ఉదాహరణను ఎంచుకున్నది ఆ అంకెల కోసం కాదు. యువకుల ఎంపిక కార్మిక శాఖ చూసింది. శిబిరాల నిర్వహణ సైన్యం చూసింది. ఏ పని ఎక్కడ చేయాలో వ్యవసాయ, అంతర్గత వ్యవహారాల శాఖలు నిర్ణయించాయి. నాలుగు శాఖలు, ఒకే శిబిరం. మా వినతిపత్రం రెండేళ్లలో మూడు బల్లలు దాటలేకపోయిన సంగతి దీని పక్కన పెట్టి చూడండి. ఆ దళంలో పెద్ద లోపాలూ ఉన్నాయి, వాటిని దాచను: నల్లజాతి యువకులను వేరు శిబిరాల్లో ఉంచారు, స్త్రీలను అసలు చేర్చుకోలేదు. మన దగ్గర ఆ పొరపాటు జరగకూడదు కాబట్టే కింద నాలుగో కోరిక రాశాను.

ఇంకా దగ్గరి పోలిక దక్షిణాఫ్రికాది. అక్కడ 1995లో మొదలైన 'వర్కింగ్ ఫర్ వాటర్' కార్యక్రమం, నీటిని పీల్చేసే విదేశీ చెట్లను నరికించే పనిని పేదలకు అప్పగించి, పనితోపాటు శిక్షణనూ కలిపింది. మహిళలకు పెద్ద వాటా ఉండాలని లక్ష్యం పెట్టుకుంది. సర్కారు తుమ్మ ఆక్రమించిన మన చెరువు శిఖాలనూ, లాంటానా పొదలు కమ్మేసిన అడవి అంచులనూ చూసినవారికి ఈ పోలిక వివరించనక్కరలేదు. కాలిఫోర్నియా రాష్ట్రం 1976 నుంచి ఇటువంటి దళాన్ని ఒక ప్రభుత్వ విభాగంగానే నడుపుతోంది. హైస్కూలు పూర్తికానివారు అందులో చేరితే చదువు కూడా కొనసాగించాలి. కఠినమైన పని, తక్కువ జీతం, దుర్భరమైన పరిస్థితులు, ఇంకా ఎన్నో అన్నది ఆ దళం నినాదం. మా పిల్లలకు మొదటి మూడూ ఇప్పటికే అందుతున్నాయి. ఆ 'ఇంకా ఎన్నో' కోసమే ఈ లేఖ.

ఈ జాప్యం వల్ల సామాన్యులకు జరుగుతున్నది ఏమిటో వివరిస్తాను.

1. అగ్గి కాపలా కొన్ని నెలల పని. వానలు పడగానే అది ఆగిపోతుంది. ఆపైన కుర్రవాళ్లు హైదరాబాదుకో, గుంటూరు మిరప తోటలకో, భవన నిర్మాణానికో వలస పోతారు. తరువాతి వేసవికి వారిలో కొందరే తిరిగి వస్తారు. అంటే ప్రతి ఏడాదీ కొత్తవారికి మొదటి నుంచి నేర్పాలి. గాలి ఏ వైపు తిరిగితే మంట ఏ లోయలోకి దిగుతుందో తెలిసినవాడు ఆ రోజున ఎక్కడో ఇటుకలు మోస్తుంటాడు. 2014 మార్చిలో తిరుమల కొండల్లో మంటలు చెలరేగినప్పుడు వైమానిక దళ హెలికాప్టర్లు రావలసి వచ్చింది. హెలికాప్టరు అవసరం ఎప్పుడైనా రావచ్చు, కాదనను. అడవి తెలిసిన మనుషులు ఏడాది పొడవునా అక్కడే ఉంటే ఆ అవసరం తగ్గుతుందని మాత్రం ప్రతి అటవీ బీటులోనూ (కాపలా పరిధిలోనూ) అంగీకరిస్తారు.

2. పదో తరగతి లేనందువల్ల అడవిలో పుట్టి పెరిగినవారు అటవీ శాఖ నియామకాలకు దరఖాస్తు కూడా చేయలేరు. అర్హత ఉన్నవారు ఎక్కడి నుంచో వచ్చి చేరతారు. వారి తప్పేమీ లేదు. కానీ వచ్చినవారికి దారి చూపేది ఈ చదువులేని కుర్రవాడే, రోజు కూలి మీద.

3. జీవవైవిధ్య చట్టం 2002 ప్రకారం ప్రతి స్థానిక సంస్థ పరిధిలో ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు (అక్కడి మొక్కలు, జీవులు, వాటి గురించి స్థానికులకు తెలిసిన సంగతులు రాసే పుస్తకం) తయారు కావాలి. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2020 జనవరి 31 గడువు పెట్టి, దాటితే రాష్ట్రాలు నెలకు పది లక్షల రూపాయలు చెల్లించాలని చెప్పాక ఆ పని హడావుడిగా సాగింది. తపసి బంక ఏ కాలంలో తీస్తే చెట్టు చావదో, ఏ గడ్డ ఏ నెలలో తవ్వాలో తెలిసిన పెద్దలు పెంటల్లో ఉన్నారు. వారి దగ్గర కూర్చుని, వారి మాటల్లోనే రాసుకోగల మనవళ్లు కూడా ఉన్నారు. వారికి కలం ఇచ్చినవారు లేరు. ఆ పెద్దలు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. గడువు పెంచమని ఏ ట్రిబ్యునల్‌నూ అడగలేని విషయం ఇది.

4. ఆడపిల్లల సంగతి వేరుగా చెప్పాలి. నర్సరీ పని ఇంటికి దగ్గర కనుక వారిని అంతకుమించి ఎక్కడికీ పంపరు; పదిహేడేళ్లు నిండేసరికి పెళ్లి మాట మొదలవుతుంది. నెలకు నిలకడైన భృతి, రాత్రి బసకు భద్రమైన చోటు, చేతికి ఒక పత్రం ఉంటే ఒకటి రెండేళ్లు ఆగడానికి ఆ ఇంట్లో ఒక కారణం దొరుకుతుంది. ఇది నా ఊహ కాదు. తరగతికి పంపే తల్లులు నాతో అన్న మాట.

5. నాటిన మొక్కలు చచ్చిపోతున్నాయి. నాటినవాడు ఆ మొక్కను మళ్లీ చూడడు, చూసేవాడికి అది తనది కాదు.

డబ్బు లేదన్న సమాధానం రావచ్చు కనుక ముందే ఒక లెక్క చెబుతాను. అటవీ భూమిని వేరే అవసరాలకు తీసుకున్నవారు చెల్లించే సొమ్ముతో ఏర్పడిన ప్రత్యామ్నాయ అటవీకరణ నిధి చట్టం 2016 కింద, 2019 ఆగస్టు 29న కేంద్రం రాష్ట్రాలకు 47,436 కోట్ల రూపాయలు బదిలీ చేసింది. అందులో తెలంగాణ వాటా సుమారు 3,110 కోట్లు, ఆంధ్రప్రదేశ్ వాటా సుమారు 1,734 కోట్లు. కలిపితే 4,844 కోట్లు. రెండు రాష్ట్రాల్లో వెయ్యి మంది చొప్పున రెండు వేల మంది యువతకు నెలకు 15 వేల రూపాయల భృతి ఇస్తే ఏడాదికి 36 కోట్లవుతుంది. బస, భోజనం, బోధకుల జీతాలు కలిపి రెట్టింపు వేసుకున్నా 72 కోట్లు. పైన చెప్పిన మొత్తంతో పోలిస్తే ఒకటిన్నర శాతం. ఆ మొత్తంలో ఇప్పటికి ఖర్చైనది పోగా మిగిలినది వేరే సంగతి. అంకెల పరిమాణం తెలియడానికి ఈ పోలిక చాలు. పైగా మంటల నివారణ, నేల, తేమ పరిరక్షణ, సహజ పునరుత్పత్తికి తోడ్పాటు వంటి పనులకు ఆ నిధి నుంచి ఎలాగూ కూలి ఇస్తూనే ఉన్నారు. మేము అడిగేది ఆ కూలిని భృతిగా మార్చి, దానికి పాఠాన్ని జోడించమని.

కట్టడాలు కూడా కొత్తగా అక్కరలేదు. రాజమహేంద్రవరం దగ్గర దివాన్‌చెరువులోనూ, హైదరాబాదు శివారు దూలపల్లిలోనూ అటవీ శిక్షణ అకాడమీలు ఉన్నాయి. సిద్దిపేట జిల్లా ములుగులో అటవీ కళాశాల ఉంది. సార్వత్రిక పాఠశాల సంస్థలు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. సున్నిపెంట, మన్ననూరుల్లో సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థల కార్యాలయాలు ఉన్నాయి. అన్నీ ఉన్నాయి, ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడమే లేదు.

కాబట్టి మేము మీ ముందు ఉంచుతున్న కోరికలు ఇవి.

1. మూడు శాఖలూ కలిసి ఒక ఉమ్మడి ఉత్తర్వు జారీ చేయాలి. ఎంపిక గిరిజన సంక్షేమ శాఖ, పని అటవీ శాఖ, శిక్షణ, ధ్రువీకరణ నైపుణ్యాభివృద్ధి శాఖ చూడాలి. ఫిర్యాదు వస్తే సమాధానం చెప్పవలసిన అధికారి మాత్రం ఒక్కరే ఉండాలి, ఆయన హోదా ఉత్తర్వులోనే రాయాలి.

2. నల్లమలలో కనీసం నాలుగు శిబిరాలతో, ఇరు రాష్ట్రాల్లో రెండేసి చొప్పున, ఏడాది ప్రయోగం మొదలుపెట్టాలి. అది నిలదొక్కుకున్నాక శేషాచలానికి, కోరింగ మడ అడవులకు, ఉత్తరాంధ్ర, ఆదిలాబాద్ కొండలకు ఎలా తీసుకెళ్లాలో అప్పుడు ఆలోచించవచ్చు.

3. ఇదివరకే అడవి పనిలో గడిపిన కాలాన్ని లెక్కలోకి తీసుకోవాలి. నైపుణ్య శిక్షణ వ్యవస్థలో పూర్వానుభవాన్ని పరీక్షించి గుర్తించే పద్ధతి ఇప్పటికే ఉంది. దానిని మేస్త్రీలకు, దర్జీలకు వర్తింపజేసినట్టే అగ్గి కాపలాదారులకు, నర్సరీ పనివారికి, జంతువుల జాడ చూసేవారికి వర్తింపజేయాలి. పాత మస్టర్లే ఆధారంగా మూడు నెలల్లో అనుభవ పత్రాలు ఇవ్వాలి. దీనికి ఒక్క రూపాయి కేటాయింపు కూడా అక్కరలేదు కనుక మిగిలినవాటి కోసం దీన్ని ఆపవద్దని ప్రత్యేకంగా మనవి.

4. ప్రతి శిబిరంలో కనీసం సగం స్థానాలు యువతులకు ఉండాలి. వారికి వేరు బస, మహిళా పర్యవేక్షకులు, పసిపిల్లలున్నవారికి దగ్గరలో అంగన్‌వాడీ సదుపాయం ఉండాలి.

5. చదువు పేరుకు మాత్రమే ఉండకూడదు. సాయంత్రం రెండు గంటల తరగతి పని దినంలో భాగంగా లెక్కించాలి. అలసిపోయి వచ్చినవాడికి రాత్రి తొమ్మిదింటికి ఆంగ్ల వ్యాకరణం చెబితే ఏమవుతుందో నాకు అనుభవమే. చెంచు పిల్లలకు తమ మాటలో చెప్పగల సహాయకులను వారిలో నుంచే తీసుకోవాలి.

6. భృతి ప్రతి నెలా నిర్ణీత తేదీకి బ్యాంకు ఖాతాలో పడాలి. ప్రమాద బీమా, మంటల దగ్గరికి వెళ్లేవారికి బూట్లు, ముసుగు, నీటి సంచి తప్పనిసరి చేయాలి. చెప్పులతో మంట ముందు నిలబడినవారిని నేను చూశాను.

7. ఈ దళాన్ని ఎవరి మీదా ప్రయోగించకూడదు. అటవీ హక్కుల చట్టం 2006 కింద దరఖాస్తులు తేలని పోడు భూముల్లో మొక్కలు నాటించడానికి గాని, గూడేలను ఖాళీ చేయించడానికి గాని ఈ యువతను ముందు నిలబెట్టరాదు. ప్రతి పని ప్రణాళికకు సంబంధిత గ్రామసభ ఆమోదం ఉండాలి. ఈ షరతు లేకపోతే మేము అడిగినదాన్ని మేమే వద్దంటాము. తమ్ముడి చేత అన్న చేనులో మొక్క నాటించే పథకం మాకు అక్కరలేదు.

8. ఏడాది ముగించినవారికి బీటు స్థాయి నియామకాల్లోనూ, కాపలాదారుల ఎంపికలోనూ ప్రాధాన్య మార్కులు ఇచ్చే విషయాన్ని పరిశీలించాలి.

9. హరిత నైపుణ్యాభివృద్ధి కార్యక్రమం కింద రెండు రాష్ట్రాల్లో ఎంతమంది శిక్షణ పొందారు, వారిలో ఎంతమందికి ఏ పని దొరికింది అన్న వివరాలను జిల్లాల వారీగా ప్రకటించాలి. మనం ఎక్కడ తప్పామో తెలియకుండా కొత్తది మొదలుపెట్టడం మంచిది కాదు.

వచ్చే ఫిబ్రవరికి మళ్లీ ఎండలు మొదలవుతాయి. ఫైర్ లైన్ల పని అంతకంటే ముందే మొదలవుతుంది, కూలీలను పిలిచే కబురు ఎప్పటిలాగే మా ఊళ్లకు వస్తుంది. ఈసారి ఆ కబురుతోపాటు మస్టరులో పేరు రాసేవారే అనుభవ పత్రం కూడా రాసి ఇచ్చేటట్టు చేయడానికి, అంటే కనీసం మూడో కోరిక నెరవేర్చడానికి, మీకు చాలినంత సమయం ఉంది. మీలో ఎవరైనా పెంటకు వచ్చి ఈ యువతతో నేరుగా మాట్లాడతానంటే ఆదివారాలు ఉదయం మా తరగతి జరుగుతుంది. వేపచెట్టు కింద కుర్చీ ఒకటే ఉంది, అది మీకే. రాలేకపోతే లిఖితపూర్వకమైన సమాధానం పంపండి. కోరికల్లో ఏది సాధ్యం, ఏది కాదు, ఎందుకు కాదు అన్నది అంశాలవారీగా అందులో ఉంటే తరగతిలో చదివి వినిపిస్తాను.

భవదీయుడు,
నల్లమల అంచు గ్రామాల్లో సార్వత్రిక పాఠశాల తరగతులు చెబుతున్న ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
విద్యార్థుల, వారి తల్లిదండ్రుల తరఫున